పండగ ఆఫర్ల మెయిళ్లను క్యూలో పెట్టే ముందు

దసరా, దీపావళి అమ్మకాల మెయిళ్లను జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), సెలరీ (పనులను క్యూలో పెట్టి వెనుక నడిపే సాధనం), రెడిస్ (మెమరీలో నడిచే డేటా స్టోర్)లతో పంపబోయేవారు ముందురోజే సరిచూసుకోవలసినవి ఇవి.

ఒకే మెయిల్ రెండుసార్లు వెళ్లకుండా చూడండి. రెడిస్ బ్రోకర్‌గా (జాబ్‌లను వర్కర్లకు అందించే మధ్యవర్తిగా) ఉన్నప్పుడు విజిబిలిటీ టైమౌట్, అంటే తీసుకున్న జాబ్ పూర్తయిందని వర్కర్ చెప్పేదాకా ఆగే గడువు, డిఫాల్టుగా 1 గంట మాత్రమే కాబట్టి, సాయంత్రం 6 గంటలకు వెళ్లాలని పొద్దున్నే ఈటీఏతో (జాబ్ నడవాల్సిన వేళతో) క్యూలో పెట్టిన జాబ్ గంట గడిచాక మరో వర్కర్‌కు (జాబ్‌లను నడిపే ప్రాసెస్‌కు) కూడా అందుతుంది. అలా ప్రతులు పెరుగుతూ పోయి, ఒకే కస్టమర్‌కు ఒకే ఆఫర్ పలుమార్లు చేరవచ్చు. టైమౌట్‌ను అన్నిటికంటే దూరంగా ఉన్న ఈటీఏను మించి పెట్టండి. అంతకంటే నమ్మదగిన రక్షణ, ప్రతి మెయిల్‌కూ డేటాబేస్‌లో యూనిక్ నిబంధనతో (ఒకే నమోదు రెండోసారి చేరకుండా ఆపే షరతుతో) ఒక నమోదు ఉంచి, పంపే ముందు దాన్ని చూసుకోవడం. వెళ్లిన మెయిల్‌ను వెనక్కి తెచ్చుకోలేము గనుక దీన్నే మొదట పెట్టాను.

డేటాబేస్ ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యాకే, అంటే మార్పులు ఖరారయ్యాకే, జాబ్‌ను క్యూలో వేయండి. లేకపోతే వర్కర్ ఇంకా పుట్టని రికార్డు కోసం వెతికి విఫలమవుతుంది.

ఓటీపీ మెయిళ్లకు వేరే క్యూతో పాటు వేరే వర్కర్‌ను కూడా కేటాయించండి. వేల ఆఫర్ల వెనుక నిలబడిన ఓటీపీ చేరేసరికి గడువు తీరిపోతుంది.

ఎస్ఎంటీపీ (మెయిళ్లు పంపే ప్రోటోకాల్) జవాబు కోడ్ 4తో మొదలైతేనే మళ్లీ ప్రయత్నించండి. 5తో మొదలయ్యేది శాశ్వత తిరస్కరణ. దాన్ని పట్టుకుని వేలాడితే పంపేవారి పేరే చెడుతుంది.

రోజుకు 5,000కు పైగా మెయిళ్లు జీమెయిల్ ఖాతాలకు వెళ్తుంటే, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌లతో (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని నిరూపించే ఏర్పాట్లతో) పాటు ప్రచార మెయిళ్లలో ఒక్క క్లిక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ చేసే వీలు ఉండాలి.

కొత్త కోడ్ పెట్టాక వర్కర్లను రీస్టార్ట్ చేయండి. అవి పాత కోడ్‌నే మెమరీలో ఉంచుకుని నడుస్తుంటాయి.