ప్లస్ టూ కామర్స్ అయ్యాక ఏం చదవాలి: రాయగడ, పర్లాకిమిడి వైపు పిల్లలకి

ప్లస్ టూ రిజల్ట్ వచ్చిందంటే చాలు ఒడిశాలోని మా రాయగడలో కామర్స్ పిల్లలు అందరూ అడిగేది ఒకటే, "అన్నా ఇప్పుడు ఏటి చెయ్యాలి, సీఏనా సీఎంఏనా?" అని. సీఏ అంటే లెక్కలు ఆడిట్ చేసే చార్టర్డ్ అకౌంటెంట్, సీఎంఏ అంటే ఫ్యాక్టరీ ఖర్చుల లెక్క తేల్చే కాస్ట్ అకౌంటెంట్. నేను తిరిగి అడుగుతాను, ఆడిటర్ గారి ఆఫీసులో ఒక్కరోజైనా కూర్చున్నారా? కూర్చోకపోతే రిజిస్ట్రేషన్‌కి తొందరపడకండి, తెలిసినవాళ్ళ ద్వారా అడిగి ఓ వారం వెళ్ళండి.

వెళ్ళేదేదో నెలలో 10 నుంచి 20 తారీఖు మధ్య వెళ్ళండి. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్ళకి 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బీ (పన్ను కట్టే రిటర్న్) గడువు కదా, జీడిపప్పు వ్యాపారి గుడ్డసంచిలో బిల్లులు తెచ్చి టేబుల్ మీద కుమ్మరిస్తాడు, కొన్ని ఒడియాలో కొన్ని తెలుగులో చేత్తో రాసినవి, ఒక్కొక్కటీ తీసి పోర్టల్లో 2బీతో (సప్లయర్లు చూపించిన బిల్లుల లిస్ట్) టాలీ చేసుకుంటూ పోవాలి, ఎక్కడో ఒక సప్లయర్ తన రిటర్న్ వెయ్యలేదనుకోండి ఆ బిల్లు అక్కడ కనపడదు, ఐటీసీ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చే తగ్గింపు) రాదు, ఇక అతనికి ఫోన్ మీద ఫోన్ చేసి బతిమాలడమే. ఇదంతా చూసి మీకు విసుగొచ్చిందా, లేక ఆ బిల్లు ఎక్కడ పోయిందో తేల్చేదాకా లేవబుద్ధి కాలేదా? సగం జవాబు అక్కడే దొరుకుతాది.

సీఏ అయితే మూడు లెవెల్స్: ఫౌండేషన్ 4 పేపర్లు, ఇంటర్ (ప్లస్ టూ కాదు, సీఏలో రెండో లెవెల్) 6, ఫైనల్ 6. ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే ట్రైనింగ్) ముందు 3 ఏళ్ళు ఉండేది, 2023లో వచ్చిన కొత్త స్కీంలో 2 ఏళ్ళు చేశారు. ఫౌండేషన్‌లో పేపర్ పేపర్‌కీ 40, మొత్తం మీద 50 శాతం రావాలి. మన పిల్లలకి దెబ్బ తగిలేది లెక్కల్లో కాదు, భాషలో. పరీక్ష ఇంగ్లీష్‌లో గానీ హిందీలో గానీ రాయాలి, ఒడియా లేదు, తెలుగు లేదు. టెన్త్ పాసైతే ఫౌండేషన్‌కి రిజిస్టర్ చేసుకోవచ్చు కాబట్టి ప్లస్ టూలో ఉండగానే బిజినెస్ లా జవాబు రోజుకొకటి ఇంగ్లీష్‌లో రాసి మీ సార్‌కి చూపించండి.

ఇంకోటి, కోచింగ్ ఫీజు. నేను వైజాగ్ వెళ్ళి ఒక కోచింగ్‌లో మూడు లెవెల్స్‌కీ కలిపి ఒకేసారి కట్టేశాను, డిస్కౌంట్ అన్నారని. ఇంటర్‌లో రెండుసార్లు పోయింది, మానేస్తానంటే పైసా వెనక్కి ఇవ్వలేదు, అది మా నాన్న ధాన్యం అమ్మి కట్టిన డబ్బు, ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటాది. ఏ లెవెల్ ఫీజు ఆ లెవెల్‌కే కట్టండి.

తర్వాత నేను సీఎంఏకి మారాను, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో ఖర్చుల లెక్క చూసే కాస్టింగ్ సెక్షన్లో చేస్తున్నాను. మన చుట్టుపక్కల చూడండి, జేకేపూర్‌లో పేపర్ మిల్లు, తేరుబలిలో ఫెర్రో ఎల్లాయ్స్, కాశీపూర్ వైపు అల్యూమినా, దామన్‌జోడిలో నాల్కో. టన్ను సరుకు తీయడానికి కరెంట్ ఎంత, బొగ్గు ఎంత, పోయిన నెల కన్నా ఎందుకు పెరిగింది అని లెక్క తీసేదే సీఎంఏ పని. ఫౌండేషన్ మొత్తం ఆబ్జెక్టివ్, ఇంటర్ 8 పేపర్లు, ఫైనల్ 8, పరీక్షలు జూన్‌లో డిసెంబర్‌లో. ప్లస్ త్రీ (డిగ్రీ) పాసైనవాళ్ళు నేరుగా ఇంటర్‌లో చేరొచ్చు, అదే సీఏ ఇంటర్‌కి నేరుగా వెళ్ళాలంటే కామర్స్ డిగ్రీలో 55 శాతం కావాలి. ఫ్యాక్టరీ గోల నచ్చేవాళ్ళు దీన్ని సీఏ రానివాళ్ళ కోర్సు అని చిన్నచూపు చూడకండి.

సీఎస్ (కంపెనీ సెక్రటరీ) గురించి ఒక్క మాట. లిస్టెడ్ (షేర్ మార్కెట్లో ఉన్న) కంపెనీలు, పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు పెట్టిన డబ్బు) 10 కోట్లు, ఆ పైన ఉన్న కంపెనీలు ఫుల్‌టైం సీఎస్‌ని పెట్టుకోవాలి, అలాంటి హెడ్డాఫీసులు ఎక్కువగా పెద్ద సిటీల్లోనే, ఊరు వదలడానికి రెడీ అయితేనే వెళ్ళండి. ఏసీసీఏ (బ్రిటన్ వాళ్ళ అకౌంటెన్సీ కోర్సు) 13 పేపర్లు, ఫీజు పౌండ్లలో, పైగా దాంతో ఇండియాలో ఆడిట్ సంతకం పెట్టలేరు.

బ్యాంక్ అనుకునేవాళ్ళు ముందు టెన్త్ మార్క్‌లిస్ట్ తీసి చూసుకోండి. ఎస్‌బీఐ క్లర్క్‌కి ఒక్క రాష్ట్రానికే అప్లై చెయ్యాలి, ఆ రాష్ట్రం భాష టెన్త్‌లోనో ప్లస్ టూలోనో చదివినట్టు ఉంటే భాష టెస్ట్ ఉండదు, లేకపోతే రాయాలి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడేసి ఒడిశాకి పెట్టేస్తారు, తీరా ఒడియా చదవమంటే అక్షరాలు తడుముకుంటారు. ఏ భాష చదవడం రాయడం బాగా వచ్చో ఆ రాష్ట్రానికే పెట్టండి.

ఏది మొదలెట్టినా ప్లస్ త్రీ మాత్రం ఆపొద్దు. బీకాం చేతిలో ఉంటే జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా ఎన్‌రోల్ అయ్యి, నాసిన్ (కేంద్రం వాళ్ళ పన్నుల ట్రైనింగ్ సంస్థ) పెట్టే పరీక్ష పాసై, సొంతూళ్ళోనే షాపుల వాళ్ళకి రిటర్న్‌లు వేసుకోవచ్చు. గుణుపూర్, పర్లాకిమిడి బజార్లలో నోటీసొస్తే దాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ విడమర్చి చెప్పే మనిషి కోసం వెతుక్కుంటున్నారు.