చిత్తూరు సీమలో దొరలు, నవాబుల చరిత్ర రాయాలంటే

జీవితం మొత్తం ఎత్తుకోకండి. ఒక మనిషి, ఒక ఊరు, ఒక ఏడాది చాలు. మైసూరు ఏలిన హైదర్ అలీనే తీసుకుందాం. రెండో మైసూరు యుద్ధం నడుస్తుండగా, 1782 డిసెంబరులో, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో కన్నుమూశాడు. నాలుగు పేజీలకు ఆ ఒక్క ఘట్టం సరిపోతుంది.

ముందు తేదీ తేల్చండి. ఎక్కువ పుస్తకాలు డిసెంబరు 7 అంటాయి. పారశీక రాతల్లో హిజ్రీ 1197 మొహర్రం 1 నుంచి 4 దాకా కనిపిస్తుంది. నెలవంక కనబడినదాన్ని బట్టి హిజ్రీ తేదీ ఒకటి రెండు రోజులు జరుగుతుంది. అందుకే మూలంలోని తేదీని ఉన్నదున్నట్టు దించి, పక్కన ఇంగ్లీషు తేదీ వేయండి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల ఏడాది, ఉంటుంది. ఇంగ్లీషు ఏడాది కావాలంటే దానికి 590 కలపాలి: ఫసలీ 1300 అంటే 1890 జులై నుంచి 1891 జూన్ వరకు. ఇది మరిచి ఏడాది తప్పేసినవాళ్లు చాలామంది.

ఆ తర్వాత, మూలం రాసినవాడికి ఆ రోజుకు ఏం తెలుసో చూడండి. హైదర్ కొడుకు టిప్పు అప్పుడు మలబారులో ఉన్నాడు. అతను వచ్చేదాకా చావు కబురు పొక్కకుండా, కొల్లగొట్టిన సొమ్ము పంపుతున్నట్టు శవాన్ని పెట్టెలో పెట్టి కోలారు వైపు సాగనంపారు. అలాంటప్పుడు దండు బయట ఉన్నవాడు ఆ వారం రాసిన ఉత్తరంలో హైదర్ బతికే ఉండొచ్చు. అది అబద్ధం కాదు, కబురు అందలేదంతే. హైదర్ చావుకు కారణమైన జబ్బు పేరు దగ్గర కూడా జాగ్రత్త. ‘రాచపుండు’ అని మనం కార్బంకుల్ అనే పెద్ద చీముగడ్డనూ అంటాం, క్యాన్సర్‌నూ అంటాం. మీ మూలం ఏది చెప్పిందో విడమరిచి రాయండి.

ఇక జిల్లా. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందటి చిత్తూరు, చంద్రగిరి కాగితాలకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉత్తర ఆర్కాడు పేరుతో అడగాలి. మదనపల్లెకైతే కడప పేరుతో. ఇంగ్లీషు సూచికలో ‘చిత్తోర్’ కనబడితే అది రాజస్థాన్ కోట కావచ్చు, పక్కనున్న ఊర్ల పేర్లు చూడండి.

హోదా కూడా ఆ ఏటిదే రాయాలి. ఇంగ్లీషు దొర థామస్ మన్రో 1800లో దత్తమండలాల (ఇప్పటి రాయలసీమ వైపు) కలెక్టరు, 1820లో మద్రాసు గవర్నరు. ‘సర్’ బిరుదు 1819లో వచ్చింది, కాబట్టి 1800 నాటి సంగతిలో సర్ థామస్ అనకూడదు. తిరుమల గుడికి మన్రో నైవేద్యపు గంగాళం ఇచ్చాడన్న కథను వదిలెయ్యక్కర్లేదు, జనం గుండెల్లో ఉన్నది అది. ‘అని చెప్పుకుంటారు’ అన్న మాటతో, కాగితం దొరికిన సంగతులకు దూరంగా, వేరే పేరాలో పెట్టండి.