చెవికి వినిపించే ప్యాకెట్లతో నెట్‌వర్కింగ్ పాఠం

నెట్‌వర్కింగ్ పాఠాన్ని నేను ఏడు లేయర్ల బొమ్మతో మొదలుపెట్టను. ముందు పిల్లలకు సెకనుకు 1200 బిట్ల ప్యాకెట్ రేడియో, అంటే డేటాను ప్యాకెట్లనే ముక్కలుగా చేసి రేడియోలో పంపే పద్ధతి, వినిపిస్తాను. అందులో ప్రతి ప్యాకెట్ బర్రుమని మోగుతుంది. ప్యాకెట్ ఎంత పెద్దదైతే మోత అంతసేపు ఉంటుంది.

కావలసినవి: రెండు హ్యాండీలు (చేతిలో పట్టే చిన్న రేడియోలు), వాటిని సౌండ్‌కార్డుకు కలిపే కేబుళ్లు, ఏఎక్స్.25 (ప్యాకెట్ రేడియో వాడే ప్రొటోకాల్) సపోర్ట్ ఉన్న రెండు లైనక్స్ కంప్యూటర్లు, సౌండ్‌కార్డునే మోడెమ్‌గా వాడే డైర్ వోల్ఫ్ సాఫ్ట్‌వేర్. ట్రాన్స్‌మిట్ చేయాలంటే అమెచ్యూర్ లైసెన్సు ఉండాల్సిందే. హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) బ్యాండ్లలో సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి దాచకూడదు కాబట్టి పాస్‌వర్డుల జోలికి పోవద్దు.

మొదట వినడమే. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని ఆపే ఏర్పాటు) తెరిచి, డైర్ వోల్ఫ్ చూపే ఆడియో లెవెల్ 50 దగ్గరికి వచ్చేలా వాల్యూమ్ సరిచేయండి. లెవెల్ మరీ ఎక్కువైతే చెవికి బాగానే వినిపించినా డీకోడ్ కాకపోవచ్చు.

తర్వాత డైర్ వోల్ఫ్‌ను లైనక్స్ నెట్‌వర్క్‌కు కలిపే కిస్అటాచ్ కమాండ్‌తో రెండు కంప్యూటర్లకూ ఐపీ అడ్రసులిచ్చి పింగ్ (అవతలి కంప్యూటర్ జవాబిస్తుందో లేదో చూసే చిన్న సందేశం) చేయించండి. ఎంటర్ నొక్కే ముందు లెక్క వేయించడం మాత్రం మరవద్దు. మామూలు పింగ్ 84 బైట్లు, ఏఎక్స్.25 హెడర్ వగైరా మరో 20. మొత్తం 832 బిట్లు, అంటే 0.7 సెకన్లు. దానికి రేడియో ట్రాన్స్‌మిట్‌లోకి మారాక ఆగే 0.3 సెకన్లు, చివర్లో 0.1 కలపాలి. రానూపోనూ రెండు సెకన్ల పైమాటే. తాము వేసిన అంకె స్క్రీన్ మీద కనబడగానే వాళ్ల మొహాలు వెలిగిపోతాయి.

ఇప్పుడు టీసీపీ కనెక్షన్ తెరవండి. పంపినదానికి జవాబు రాకపోతే మళ్లీ పంపే ప్రొటోకాల్ ఇది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇదే. జవాబు కోసం టీసీపీ మొదట ఒక సెకనే ఆగుతుంది. ఇక్కడ జవాబు రావడానికి రెండు సెకన్లు పడుతుంది. అవతలివాళ్ల జవాబు గాల్లో ఉండగానే ఇవతల రెండో కాపీ తయారై క్యూలో నిలబడుతుంది, ఛానెల్ ఖాళీ కాగానే మోగుతుంది. “ఏదీ పోలేదు కదా, మళ్లీ ఎందుకు పంపింది?” అని పిల్లలే అడుగుతారు. వచ్చిన జవాబు మొదటి కాపీకా, రెండో దానికా అని తేల్చుకోలేం. అందుకే మళ్లీ పంపిన ప్యాకెట్ల జవాబులతో సమయం కొలవకూడదన్న నియమం టీసీపీలో ఉంది. ఆ నియమాన్ని ప్రతిపాదించిన ఫిల్ కార్న్ కూడా హ్యామే, కాల్‌సైన్ (రేడియోలో ఆయన గుర్తింపు పేరు) కేఏ9క్యూ. టైమర్ పాఠం చెప్పాల్సింది ఇక్కడే.

చివరగా మూడో స్టేషన్. పవర్ తగ్గించి, యాంటెనాల బదులు సిగ్నల్‌ను దాదాపు బయటికి పోనివ్వని డమ్మీ లోడ్లు పెట్టి, మధ్య స్టేషన్‌కు ఇద్దరూ వినిపించేలా, ఆ ఇద్దరికీ ఒకరొకరు వినిపించకుండా దూరం జరపండి. ఇద్దరినీ ఒకేసారి పంపమనండి. ఛానెల్ ఖాళీగా ఉందనే ఇద్దరూ అనుకుంటారు, మధ్యలో మాత్రం మోతలు కలిసిపోతాయి. ఒక్కోసారి బలమైన సిగ్నల్ గట్టెక్కుతుంది, ఎఫ్‌ఎం లక్షణమది. తర్వాత మధ్య స్టేషన్‌ను డిజిపీటర్‌గా, అంటే విన్న ప్యాకెట్‌ను తిరిగి పంపే స్టేషన్‌గా మార్చి మళ్లీ పంపించండి. ప్రతి ప్యాకెట్ రెండుసార్లు మోగడం విన్నాక, వేగం సగానికి ఎందుకు పడిందో వాళ్లే చెబుతారు.