గట్టు తగవు రాకముందే: ఇరుగుపొరుగు రైతులు మాట్లాడుకోవలసిన సంగతులు

రెండెకరాల చేను ఉన్న రైతుకు నలువైపులా నలుగురు పొరుగువారుంటారు. తాతల నాటి పొలాన్ని అన్నదమ్ములు పంచుకున్న చోట ఆ నలుగురిలో ఒకరిద్దరు సొంత తమ్ముడో, పెదనాన్న కొడుకో అయి ఉంటారు. చెక్క చిన్నదైన కొద్దీ దానికి గట్టెక్కువ, గట్టెక్కువైన కొద్దీ మాట పట్టింపులెక్కువ. ఈ పట్టింపులు చాలావరకు మాట్లాడవలసిన సమయంలో మాట్లాడకపోవడం వల్ల పుడతాయి. నాట్లు వేశాక, ఎరువు చల్లాక, పత్తి పూతకు వచ్చాక పక్క రైతుకు ఏది చెప్పినా అది అతని పెట్టుబడికి అడ్డుపడే మాటగానే వినిపిస్తుంది. అందువల్ల ఇక్కడ చెప్పే పనుల్లో ఎక్కువ భాగం రబీ కోతలు ముగిసిన తరువాత, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె ప్రవేశించేలోగా, అంటే పొలం ఖాళీగా ఉండి రాళ్లూ గట్లూ కంటికి కనిపించే రోజుల్లో చేయవలసినవి. ఒక సాయంత్రం పొరుగు రైతును వెంటబెట్టుకుని ఉమ్మడి గట్టు పొడవునా నడిస్తే చాలు, సగం సంగతులు అక్కడే తేలిపోతాయి.

హద్దు

ముందుగా తేల్చుకోవలసింది హద్దు. దుక్కి దున్నే ప్రతిసారీ నాగలి కర్రు గానీ, ట్రాక్టరు కల్టివేటరు గానీ గట్టును కొంత చెక్కుతుంది. పొలం యజమానికి ఆ ఉద్దేశం లేకపోయినా అద్దెకు వచ్చిన ట్రాక్టరు డ్రైవరుకు గట్టు ఎవరిదో పట్టదు. ఇలా కొన్నేళ్లు సాగేసరికి రెండడుగుల గట్టు జానెడవుతుంది, అప్పుడు ఎవరు చెక్కారన్న ప్రశ్నకు జవాబుండదు. కోపం రాకముందు ఒకసారి లెక్క వేసుకోవడం మంచిది. చదరంగా ఉన్న ఎకరం పొలానికి ఒక్కో ప్రక్క సుమారు 209 అడుగులు. ఒక ప్రక్క పొడవునా అడుగు వెడల్పు పోయిందంటే పోయింది దాదాపు 23 చదరపు గజాలు, అంటే అర సెంటు కన్నా కొంచెం తక్కువ. ఆ అర సెంటు కోసం కోర్టు చుట్టూ తిరిగితే దాని ఖరీదు ఎన్ని రెట్లు ఖర్చవుతుందో ఊళ్లో ఒకసారి తిరిగి వచ్చినవారిని అడిగితే చెబుతారు. అలాగని ఊరుకోమని కాదు. కొలిపించుకోవాలి, అయితే ఇద్దరూ కలిసి కొలిపించుకోవాలి.

ఒక్కరే సర్వేయరును పిలిపించుకున్నప్పుడు వచ్చిన కొలత ఎంత సరైనదైనా రెండో వ్యక్తికి అది ఎదుటివాడి కొలతే. ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టుకుని, రుసుము సగం సగం భరిస్తే ఆ అనుమానం మొదలే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎఫ్.ఎం.బి., తెలంగాణలో టిప్పన్ అనే పటాల ఆధారంగా సర్వేయరు హద్దులు చూపిస్తారు. పాత ఎఫ్.ఎం.బి. పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. కొలత తేలిన రోజే, సర్వేయరు పొలంలో ఉండగానే, ఇద్దరి ఎదుటా రాళ్లు పాతించి వాటి పక్కన నిలబడి ఫోటో తీసుకోవాలి. రాళ్లు తరువాత తెప్పించుకుందామని కర్ర పుల్లలు గుచ్చి వెళ్లిపోతే వారం తిరిగేసరికి పుల్లలు మేకల పాలవుతాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాల్లో కొత్త రాళ్లతోపాటు ఎల్.పి. (ల్యాండ్ పార్సెల్) నంబర్లు కూడా వచ్చాయి కనుక, దస్తావేజులోని పాత సర్వే నంబరుకు కొత్త నంబరు ఏదో రాసిపెట్టుకుని మాట్లాడటం మేలు.

సెల్‌ఫోనులోని కొలత యాప్‌లను గట్టు తగవులో సాక్ష్యంగా తేవద్దు. ఫోను చూపే స్థానంలో కొన్ని మీటర్ల తేడా సహజంగానే ఉంటుంది, గట్టు వెడల్పేమో రెండడుగులు. చేను మొత్తం విస్తీర్ణం ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి ఆ యాప్ పనికొస్తుందే తప్ప హద్దు చెప్పడానికి పనికిరాదు. అలాగే రెండు రాష్ట్రాల సరిహద్దు ఊళ్లలో సంబంధాలు కలిపినవారు, పొలాలు కొన్నవారు గుంటలకూ సెంట్లకూ మధ్య పొరబడుతుంటారు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. ఒక గుంట అంటే రెండున్నర సెంట్లు, 121 చదరపు గజాలు.

హద్దు తేలాక గట్టు మీది ఆదాయం గురించి కూడా మాట్లాడుకోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నా ఉద్దేశంలో హద్దురాయి కన్నా ఎక్కువ గొడవలు గట్టు మీది గడ్డి వల్లే వస్తాయి. పాడి ఉన్న ఇంట్లో ఆడవాళ్లు తెల్లవారుజామున కొడవలి పట్టుకుని గడ్డికి వెళ్లేసరికి ముందురోజే ఎవరో కోసుకుపోయి ఉంటే ఆ రోజంతా గేదె పాలతోపాటు మాటలూ పిండుతారు. గట్టుకు ఎవరి వైపు వాలు వారిదని అనుకోవచ్చు, లేదా ఒక ఏడు ఒకరు, మరుసటి ఏడు మరొకరు గడ్డి కోసుకుని, ఎవరు కోసుకుంటే ఆ ఏడు గట్టు చెక్కి సరిచేసే పని కూడా వారిదేనని అనుకోవచ్చు. రెండో పద్ధతిలో గట్టు కూడా బాగుపడుతుంది. గట్టు మీద కంది, బొబ్బర్లు వేసుకునేవారు మాత్రం వాలు లెక్కనే పాటించడం సులువు.

దారి

రోడ్డుకు దూరంగా లోపలి చెక్క ఉన్న రైతుకు అసలు కష్టం కోత రోజుల్లో తెలుస్తుంది. చేతికోతల కాలంలో పనలు మోసుకుంటూ గట్ల మీదుగా వెళ్లిపోయేవారు. ఇప్పుడు కోత మిషన్ వెళ్లాలంటే ముందున్న మడి కోసి ఉండాలి. ముందు మడి రైతు బి.పి.టి. 5204 అనే వరి రకం వేశాడనుకుందాం, అది 150 రోజుల పంట. లోపలి రైతు ఎం.టి.యు. 1010 వేస్తే అది 120 రోజులకే కోతకు వస్తుంది. ఇద్దరూ ఒకే వారం నాటు వేసినా లోపలి పంట నెల రోజులు నిలబడి గింజ రాల్చుకోవాలి, లేకపోతే పక్కవాడి పచ్చి పైరును తొక్కించి మిషన్ తీసుకుపోవాలి. రెండూ జరిగే పనులు కావు. ఇందుకు ఉపాయం విత్తనాల దుకాణానికి వెళ్లేముందే ఉంది. ఒకే దారి మీద ఆధారపడిన నలుగురైదుగురు రైతులు ఒకే కాలపరిమితి గల రకాలు వేయాలి, లేదా ముందు మడిలో స్వల్పకాలిక రకం, లోపల దీర్ఘకాలిక రకం వేయాలి. మిషన్ కూడా ఒకేసారి నాలుగు చెక్కలకు మాట్లాడుకుంటే గంటకు ధర తగ్గించమని అడిగే వీలుంటుంది.

దారి హక్కు విషయంలో చట్టం ఒకటుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒకరి భూమి గుండా ఎవరి అడ్డూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా 20 సంవత్సరాలు నడిచినవారు ఆ దారిపై హక్కు కోరవచ్చు. అయితే దానిని కోర్టులో రుజువు చేసుకోవాలి కనుక ఆ దాకా పోనివ్వకుండా కాగితం మీద చూసుకోవడం ఉత్తమం. లోపలి చెక్కలు ఎక్కువగా అన్నదమ్ముల పంపకాల్లోనే పుడతాయి. పంపకం రోజున అందరి మధ్యా ప్రేమ ఉంటుంది కాబట్టి దారి గురించి రాయడం ఎవరికీ తోచదు, తోచినా అడగడానికి మొహమాటం. పెద్దమనిషిగా కూర్చున్నవారు ఆ మొహమాటాన్ని తమ మీద వేసుకుని, ఏ గట్టు వెంట, ఎన్ని అడుగుల వెడల్పున ట్రాక్టరు దారి వదలాలో భాగపరిష్కార పత్రంలో రాయించాలి. పొలం కొనేవారు కూడా దస్తావేజులో దారి ప్రస్తావన లేకుండా బయానా ఇవ్వకూడదు.

నీరు, ఊట, కరెంటు

చెరువు కింద, కాలువ కింద మడి నుంచి మడికి నీరు పారే చోట పై మడి రైతు ఎరువు చల్లిన రోజు కింది మడి రైతుకు తెలియాలి. యూరియా వేసేముందు నీరు తీసివేసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలని వ్యవసాయ శాఖ చెబుతుంది. ఈ రెండు రోజులూ మడవ, అంటే మడి నుంచి మడికి నీరు పారే గండి, మూసి ఉంచితే పై రైతు డబ్బు పై రైతు మడిలోనే ఉంటుంది, కింది రైతుకు మాత్రం నీరందదు. కాబట్టి ఎరువు వేసే రోజు రెండు రోజుల ముందే చెబితే కింది రైతు తన మడిలో నీరు నింపుకుని ఉంటాడు. చెప్పకుండా మడవ మూస్తే అతను రాత్రివేళ వచ్చి తెరుస్తాడు, ఆ యూరియా కొట్టుకుపోయి అతని పైరుకే చేరుతుంది.

ఊట సంగతి ఇంతకన్నా జటిలం. పక్కనే పత్తి, మిరప, పసుపు ఉండగా గట్టు అంచు వరకు వరి నాటితే ఆ నీరు కిందినుంచి ఊరి మెట్ట పంట వేళ్లు కుళ్లుతాయి. వరి వేసే రైతు తన వైపున గట్టు పొడవునా ఊట కాలువ తీసి, దానికి వాలున్న వైపు దారి చూపించాలి. కాలువకు పోయే జాగా తన మడిలోనే పోతుంది కాబట్టి వరి రైతు వెనుకాడతాడు. అప్పుడు తవ్వే కూలిలో సగం మెట్ట పంట రైతు పెట్టుకుంటానంటే పని త్వరగా అవుతుంది. నష్టపోయేవాడు ఎందుకు పెట్టుకోవాలని అడగవచ్చు. నాలుగు సాళ్ల పత్తి చచ్చిపోయాక వచ్చే న్యాయం కన్నా ఇది చౌక.

బోర్ల కింద సేద్యం చేసేవారి తగవులు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ తిరుగుతాయి. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ 5 హెచ్.పి. మోటార్లను నాలుగైదింటిని మాత్రమే మోయగలదు. పోయిన కరెంటు తిరిగి రాగానే ఆటోస్టార్టర్లన్నీ ఒక్కసారే మోటార్లను లాగితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, ఆ తరువాత పంట ఎండిపోతూ ఉండగా చందాల వసూలు మొదలవుతుంది. ఆటోస్టార్టర్లు తీసివేయడం, ప్రతి మోటారుకూ కెపాసిటరు బిగించుకోవడం, ఎవరి వంతు ఏ వేళో అనుకోవడం అనే మూడింటినీ సీజను మొదట్లోనే అందరూ ఒప్పుకోవాలి. చందా వేయవలసి వస్తే తలా ఇంత అని కాకుండా మోటారు హెచ్.పి.ని బట్టి వేయాలి. 3 హెచ్.పి. రైతు చేత ఏడున్నర హెచ్.పి. రైతుతో సమానంగా కట్టించిన చోట మరుసటి ఏడు చందా అడగడానికి ఎవరికీ నోరు రాదు.

మందులు, మంటలు, చెట్లు

వరిలో, మొక్కజొన్నలో, చెరకులో కలుపుకు 2,4-డి అనే మందు కొట్టేవారు చుట్టుపక్కల పత్తి ఉందేమో చూడాలి. గాలికి కొట్టుకుపోయిన తుంపర కొద్దిగా తగిలినా పత్తి ఆకులు సన్నగా చీలి బెండ ఆకుల్లా మారిపోతాయి. గాలి లేని ఉదయం వేళ, నాజిలును భూమికి దగ్గరగా పట్టి కొట్టాలి. పత్తి వైపున కొన్ని సాళ్లు మందు కొట్టకుండా వదిలి, అక్కడి కలుపును కూలితో తీయించాలి. ఆ మందుకు వాడిన పంపును పత్తికి, మిరపకు, టమాటాకు వాడకుండా వేరుగా ఉంచాలి. హిందూపురం, మదనపల్లె ప్రాంతాల్లో పక్క చేలో మల్బరీ ఉంటే పురుగుమందు విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చనిపోతాయి.

కొయ్యకాళ్లు తగలబెట్టడం అసలు మానుకోవలసిన పని. నిప్పు పక్కవారి గడ్డివామికి, మామిడి తోటకు పాకిన తరువాత ఎంత పరిహారమిచ్చినా మనసులో మాట పోదు. అడవి పందుల కోసం కంచెకు నేరుగా కరెంటు కలపడం మనుషుల ప్రాణాలు తీసే నేరం. పొరుగువారు అలా చేస్తున్నారని తెలిస్తే మొహమాటపడకుండా లైన్‌మన్‌కు చెప్పాలి.

జామాయిల్, సుబాబుల్ వేసేవారు గట్టు అంచున మొక్క పెట్టకుండా తగినంత ఎడం వదలాలి. చెట్లు ఇప్పటికే పెరిగిపోయి ఉంటే పొరుగు రైతు తన వైపున రెండు మూడు అడుగుల లోతు కందకం తీసుకుంటే వేళ్లు చాలావరకు ఆగుతాయి. నీడకు మాత్రం కొమ్మలు నరకడం తప్ప మార్గం లేదు. నరికిన కొమ్మలు చెట్టు యజమానికే అప్పగించాలి.

నష్టం జరిగినప్పుడు

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏదో ఒక రోజు పక్కవారి గేదెలు మొక్కజొన్నలో పడతాయి. ఆ రోజు చేయవలసింది వెంటనే ఫోటోలు తీసి, అదే రోజు ఊళ్లో ఇద్దరికీ కావలసిన ఒక పెద్దమనిషికి చేను చూపించడం. మేసిన చేను నాలుగు రోజులకే మళ్లీ చిగురిస్తుంది, అప్పుడు నష్టం ఎంతో ఎవరూ చెప్పలేరు. గట్టు మీద నిలబడి కేకలు వేయడం కన్నా వాళ్ల ఇంటికి వెళ్లి అన్నా అనో, బాబాయ్ అనో, కాకా అనో వరస కలిపి పిలిచి కూర్చుని మాట్లాడటం మేలు. అది కూడా ఉదయం పూటే వెళ్లాలి, సాయంత్రం మందు పుచ్చుకున్న తరువాత మాట్లాడే మాటలు రెండు వైపులా నిలబడవు. పరిహారం డబ్బుగా అడిగితే బేరం సాగుతుంది. రెండు బస్తాల వడ్లు, ఒక ట్రాక్టరు పశువుల ఎరువు, ఒక రోజు దుక్కి వంటివి అడిగితే ఇచ్చేవాడికి చిన్నతనం అనిపించదు.

ఇలా తేలని తగవును పోలీసు స్టేషనుకు తీసుకువెళితే సాధారణంగా రెండు వైపులా కేసులు పడతాయి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద మండల, జిల్లా స్థాయిలో ఉన్న న్యాయ సేవా సంస్థలకు తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు. దానికి కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేసిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. అందువల్ల సంతకం చేసేముందు రాళ్లు ఎక్కడ పాతాలో, దారి ఎన్ని అడుగులో, నీటి వంతు ఏ రోజో స్పష్టంగా రాశారా లేదా అని చదివించుకుని చూసుకోవాలి.

చివరగా కౌలు సంగతి. పొలాన్ని కౌలుకు ఇచ్చిన ఏడు గట్టు మీద నడిచేది యజమాని కాదు, కౌలు రైతు. పొరుగువారితో ఒప్పుకున్న విషయాలేవీ అతనికి తెలియవు. కౌలు మాట్లాడుకున్న రోజునే అతన్ని పొలానికి తీసుకువెళ్లి నాలుగు వైపుల పొరుగువారికి పరిచయం చేసి, గడ్డి, దారి, మడవ, ట్రాన్స్‌ఫార్మర్ చందా ఎవరిదో ఒప్పంద పత్రంలో నాలుగు వాక్యాలు రాసి ఇవ్వాలి. కౌలుదారు మారిన ప్రతి ఏడూ ఈ పని మళ్లీ చేయాలి.