రీవైండింగ్‌కి పోకుండా ఆగిన మోటార్

మిల్లులో బ్లోయర్‌కి ఉన్న 10 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్, డీఓఎల్ స్టార్టర్ (మోటార్‌కి నేరుగా పూర్తి వోల్టేజ్ ఇచ్చేది). కాసేపు నడవగానే ఓవర్‌లోడ్ రిలే (కరెంట్ ఎక్కువైతే మోటార్‌ని ఆపేసేది) ట్రిప్ అయ్యేది. నేమ్‌ప్లేట్ మీద పూర్తి లోడ్ కరెంట్ 14 ఆంప్స్. క్లాంప్ మీటర్‌తో (వైర్ చుట్టూ తగిలించి కరెంట్ కొలిచేది) చూస్తే రెండు ఫేజుల్లో 16, 15, మూడో దాంట్లో 12.5. వైండింగ్ (లోపలి తీగ చుట్టలు) పోయింది, రీవైండింగ్ షాపుకి పంపేద్దామని ఓనర్ గారు ఒకటే తొందర.

నేను మెయిన్ ఆపించి, టెర్మినల్ బాక్స్‌లో మూడు సప్లై వైర్లనూ ఒక్కో స్థానం జరిపాను. మూడూ ఒకే వరుసలో జరిగితే తిరిగే దిశ మారదు. తక్కువ కరెంట్ వైండింగ్‌తో పాటే ఉండిపోతే తప్పు మోటార్‌ది. అదే వైర్‌తో పాటు జరిగితే సప్లైది. ఇక్కడ వైర్‌తోనే జరిగింది.

అందుకే మోటార్ నడుస్తుండగా, స్టార్టర్‌లోని కాంటాక్టర్‌కి (మోటార్‌కి సప్లై కలిపి తీసే స్విచ్) అటూ ఇటూ వోల్టేజ్ చూశాను (అలవాటు లేనివాళ్లు దీని జోలికి పోవద్దు). రెండు పోల్స్‌లో (ఒక్కో ఫేజుకి ఒక్కో పోల్) దాదాపు సున్నా, మూడో దాంట్లో ఏకంగా వోల్టులు పడిపోతున్నాయి. విప్పితే కాంటాక్ట్ నల్లగా, గుంటలు పడి ఉంది. ఆకురాయితో రుద్దేస్తే సరిపోతుందన్నాడు హెల్పర్. వెండి మిశ్రమపు పొర పోయాక రుద్ది లాభం లేదు. కాంటాక్ట్ కిట్ మార్చాను.

ఇప్పుడు మూడు ఫేజులూ 13.5 దగ్గర్లో ఉన్నాయి. రిలే సెట్టింగ్ 14 మీదే ఉంచాను, పెంచలేదు.