పెంపుడు ఊసరవెల్లి పగలు కన్ను మూస్తోందా? ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

పట్టపగలు, లైటు వెలుగుతుండగా ఊసరవెల్లి కళ్లు మూసుకుని కూర్చుందంటే అది కునుకు తీయడం కాదు. ఒంట్లో బాగున్న ఊసరవెల్లి పొద్దున లైటు వెలిగిన దగ్గర్నుంచి రాత్రి ఆరేదాకా కళ్లు తెరిచే ఉంటుంది. ఒక కన్ను ముందుకు, ఇంకో కన్ను వెనక్కి తిప్పుతూ ఎటు పురుగుందో, ఎటు ప్రమాదముందో చూసుకుంటూనే ఉంటుంది. పైగా ఇది జబ్బును దాచుకునే ప్రాణి. బయటికి తెలిసేసరికే చాలా రోజులుగా బాధపడుతూ ఉండొచ్చు. అందుకే "రేపు చూద్దాంలే" అనుకునే విషయం కాదు. అలాగని వెంటనే మందుల డబ్బా తెరవడమూ సరికాదు.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా వెయిల్డ్, ప్యాంథర్ ఊసరవెల్లుల గురించి. మొదటిది యెమెన్, సౌదీ ప్రాంతాలది, రెండోది మడగాస్కర్‌ది. అమెరికాలో ఇవి పెట్ షాపుల్లో కూడా దొరుకుతాయి. పిల్లలు ముచ్చటపడ్డారని తెచ్చుకునే మన తెలుగువాళ్లూ ఉన్నారు. మన పల్లెల్లో కంచెల మీద కనిపించే ఊసరవెల్లి వేరే జాతి. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, పట్టి పెంచుకోవడం నేరం. అలాంటిది కన్ను దెబ్బతిని కనిపిస్తే అటవీ శాఖ వాళ్లకు కబురు చేయండి, ఇంటికి తీసుకెళ్లకండి. విదేశీ జాతులను ఇండియాలో పెంచాలన్నా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

ముందు ముట్టుకోకుండా చూడండి

మూసుకున్నది ఒక కన్నా, రెండు కళ్లా? అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఇదే.

ఒక్క కన్నే మూసి, రెండోది చురుగ్గా తిరుగుతూ, తిండి మీద ధ్యాస ఉంటే సమస్య చాలావరకు ఆ కంటిదే. దుమ్ము పడి ఉండొచ్చు, కుబుసం ముక్క ఇరుక్కుని ఉండొచ్చు, కొమ్మ గీసుకుని ఉండొచ్చు, ఇన్‌ఫెక్షన్ మొదలై ఉండొచ్చు. రెండు కళ్లూ మూసేస్తుంటే మాత్రం కంటిని పక్కన పెట్టి ఒళ్లంతటి గురించి ఆలోచించాలి. ఒంట్లో నీరు తగ్గడం, విటమిన్ ఎ లోపం, మూత్రపిండాల జబ్బు, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ ఇందులోకి వస్తాయి. లేదంటే లైటు తేడా. రెండు కళ్లూ మూసి, రంగు నల్లబడి, కొమ్మ కింది భాగానికో పంజరం అడుగుకో దిగిపోయి ఉంటే ఈ వ్యాసం తర్వాత చదవొచ్చు, ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.

కొత్తగా పెంచేవాళ్లను హడలగొట్టే మామూలు సంగతి ఒకటుంది. సాయంత్రం పూటో, నీళ్లు చల్లినప్పుడో ఊసరవెల్లి కంటి బుడిపెను బాగా ఉబ్బించి, లోపల కనుగుడ్డును గిరగిరా తిప్పి, కొమ్మకేసి రుద్దుతుంది. కన్ను ఊడి వస్తుందేమో అన్నట్టు ఉంటుంది. నిజానికి అది కన్ను శుభ్రం చేసుకోవడమే. కాసేపట్లో ఉబ్బు దిగి, కన్ను తెరిచి మామూలుగా తిరిగితే టెన్షన్ అక్కర్లేదు. రోజంతా రుద్దుతూనే ఉన్నా, ఉబ్బు దిగకపోయినా అది శుభ్రం చేసుకోవడం కాదు.

చూస్తున్నప్పుడే ఫోన్‌తో రెండు వైపుల నుంచీ ఫొటోలు, ఒక చిన్న వీడియో తీసి పెట్టుకోండి. డాక్టర్ గదిలో భయపడి రెండు కళ్లూ తెరిచి కూర్చునే ఊసరవెల్లులు ఎన్నో.

నీళ్ల సంగతి

దీని కంటి నిర్మాణమే వేరు. పై రెప్ప, కింది రెప్ప కలిసిపోయి కనుగుడ్డును శంకువు ఆకారంలో కప్పేస్తాయి. మధ్యలో కంటిపాప కనబడేంత రంధ్రమే ఉంటుంది. ఆ రంధ్రంలోంచి లోపలికి పోయిన నలుసు బయటికి రావాలంటే కన్నీరే గతి. ఒంట్లో నీరు తగ్గితే కన్నీరూ తగ్గుతుంది, నలుసు అక్కడే ఉండి ఒరుసుకుంటుంది. అందుకే ఒక కంటి సమస్యకైనా సరే, మొదటి వైద్యం నీళ్లే అంటాను.

నీరు తగ్గిందో లేదో తెలుసుకోవడానికి రెండు గుర్తులు. కంటి బుడిపెలు లోపలికి గుంటలు పడి ఉండటం ఒకటి. మలంతో పాటు వచ్చే తెల్లటి ముద్ద పసుపు లేదా నారింజ రంగులోకి మారడం రెండోది. ఆ ముద్ద మూత్రం గడ్డకట్టిన రూపం, తెల్లగానే ఉండాలి. కొద్దిగా పసుపు అంచు ఉంటే పెద్ద విషయం కాదు.

గిన్నెలో నీళ్లు పెట్టి తాగుతుందని ఎదురుచూడకండి. ఆకుల మీద మెరిసే చుక్కల్నే ఇవి నీళ్లుగా గుర్తిస్తాయి. ఉదయం లైటు వెలగకముందు ఒకసారి, రాత్రి లైటు ఆరాక ఒకసారి రెండేసి నిమిషాలకు తగ్గకుండా నీళ్లు చల్లండి. కన్ను బాగాలేని రోజుల్లో మధ్యాహ్నం ఇంకోసారి చల్లండి, పగలు డ్రిప్పర్‌తో ఆకుల మీదికి చుక్కలు పడేలా పెట్టండి. కన్ను కడుక్కునేందుకు కూడా ఇదే అవకాశం, కాబట్టి తుంపరలు ఎంత సన్నగా, ఎంతసేపు పడితే అంత మంచిది.

ఇంకా కావాలంటే బాత్‌రూమ్ పద్ధతి ఉంది. ఒక కుండీ మొక్కను షవర్ కింద పెట్టి, నీళ్లు ఎదురుగోడకు తగిలి తుంపరలుగా మొక్క మీద పడేలా తిప్పండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. ఊసరవెల్లిని మొక్క ఎక్కించి ఇరవై నిమిషాలు అక్కడే ఉండి చూడండి. ధార నేరుగా దాని మీద పడకూడదు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నదానికీ, కొమ్మ పట్టుకోలేనంత నీరసంగా ఉన్నదానికీ ఇది వద్దు. తొట్టిలో నీళ్లు పోసి అందులో కూర్చోబెట్టడం ఏ ఊసరవెల్లికీ వద్దు. చెట్టు మీద బతికే ప్రాణికి అది ప్రాణభయం.

లైటు, పొగ, మొక్కలు

ఈమధ్య యూవీబీ బల్బు, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలను ఇచ్చే బల్బు మార్చారా? మార్చిన కొన్ని రోజుల్లోనే రెండు కళ్లూ మూస్తుంటే ముందు దాన్నే అనుమానించండి. చుట్టల్లా తిరిగి ఉండే చిన్న కాంపాక్ట్ బల్బులు దగ్గరగా పెడితే కంటి పైపొర కమిలిపోయిన సందర్భాలు ఉన్నాయి. వెల్డింగ్ చేసేవాళ్లకు కళ్లు మంట పుట్టడం లాంటిదే ఇదీ. అలాంటి బల్బు ఉంటే తీసేయండి. వీటికి సరిపోయేది 5 లేదా 6 శాతం యూవీబీ ఉండే పొడవాటి టీ5 ట్యూబు. అది పంజరం పైకప్పు జాలీ మీద ఉండి, ఎండ కాగే కొమ్మ మీద కూర్చున్న ఊసరవెల్లి వీపుకు సుమారు 8-9 అంగుళాల దూరంలో ఉండాలి. యూవీని కొలిచే సోలార్‌మీటర్ 6.5 లాంటి పరికరం దొరికితే వీపు ఎత్తులో యూవీ సూచిక 3 దాటకుండా చూసుకోండి. బల్బు పాతదైనా చిక్కే, ఏడాదికోసారి మార్చాలి. వెలుగు కనబడుతోంది కదా అని వదిలేస్తే లోపల యూవీబీ ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. మధ్యలో అద్దం అడ్డం ఉంటే యూవీబీ దాదాపు లేనట్టే.

వేడి కూడా చూడండి. పెద్ద వెయిల్డ్ ఊసరవెల్లికి ఎండ కాగే చోట 85 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 29 సెల్సియస్ చాలు. రోజంతా వేడి బల్బు కింద ఎండిపోతే కళ్లూ ఎండిపోతాయి.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చూడవలసింది వంటగది, పూజగది. ఎండుమిర్చి తాలింపు ఘాటు, సాంబ్రాణి పొగ, అగరొత్తులు, బాత్‌రూమ్ కడిగే బ్లీచింగ్ వాసన మన కళ్లనే మండిస్తాయి, పంజరంలోంచి తప్పించుకోలేని ప్రాణి సంగతి చెప్పక్కర్లేదు. పంజరాన్ని వేరే గదికి మార్చండి. పంజరంలో ఫైకస్ జాతి మొక్క ఉండి, ఈమధ్యే కొమ్మలు కత్తిరించి ఉంటే కారిన పాలు కంటికి తగిలి ఉండొచ్చు. కత్తిరించిన మొక్కను కడిగి, పాలు ఆగాకే లోపల పెట్టాలి. నిన్న వేసిన కీచురాళ్లు ఇంకా తిరుగుతుంటే ఏరేయండి, రాత్రిపూట అవి నిద్రపోతున్న ఊసరవెల్లిని కొరుకుతాయి.

సెలైన్‌తో కడగడం

ఒక కన్నే మూసి, మిగతా అంతా బాగుంటేనే ఈ పని. మందుల షాపులో 0.9 శాతం స్టెరైల్ సెలైన్ అడగండి, ప్రిజర్వేటివ్ లేనిది. కాంటాక్ట్ లెన్సులు నానబెట్టే ద్రావణం వేరు, అది వాడకూడదు. ఇంట్లో ఉప్పునీళ్లు కలపొద్దు.

ఊసరవెల్లిని గట్టిగా పట్టుకోకండి. చేతిని దాని ముందు, కాస్త కిందుగా పెట్టి అదే ఎక్కేదాకా ఆగండి. పై నుంచి చెయ్యి వస్తే దానికి గద్దే. చేతిలో కుదురుకున్నాక కంటి రంధ్రం మీద ఒక చుక్క వేయండి. అది కనుగుడ్డు తిప్పుతుంది, తిప్పనివ్వండి. ఇంకో చుక్క. సెలైన్ గది వేడిలో ఉంటే ఉలిక్కిపడదు. రోజుకు రెండు మూడుసార్లు చాలు. నల్లబడి బుసలు కొడుతుంటే ఆపేసి తర్వాత ప్రయత్నించండి.

దూది, ఇయర్ బడ్, పట్టకారు ఏవీ కంటి దగ్గరికి రాకూడదు. రంధ్రంలో కుబుసం ముక్క కనబడుతున్నా లాగొద్దు. తడితో మెత్తబడి అదే ఊడుతుంది, ఊడకపోతే డాక్టర్ తీస్తారు. బుడిపెను వేలితో నొక్కి చీము తీద్దామన్న ఆలోచన అసలే వద్దు. సరీసృపాల చీము నీళ్లలా కారదు, కోవా ముద్దలా గట్టిపడి ఉంటుంది. అందుకే లోపల చీముగడ్డ ఉంటే చుక్కలతో కరగదు, డాక్టర్ కోసి తీయాల్సిందే.

ఇరవై నాలుగు గంటల్లో మార్పు కనబడాలి. రెండో రోజుకీ కన్ను తెరవకపోతే ఇంట్లో చేసేది అయిపోయినట్టే.

ఇంట్లో ఉన్న చుక్కల మందు ఎందుకు వద్దు

దీన్ని నొక్కి చెప్పాలి, ఎందుకంటే ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో కంటి చుక్కలు తెచ్చుకోవడం మనకు అలవాటు. వాటిలో చాలా వాటిలో యాంటీబయోటిక్‌తో పాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. కంటి పైపొర మీద గీత పడి, పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే ఆ పుండు మానదు సరికదా, లోతుకు పోతుంది, కన్నే పోవచ్చు. గీత ఉందో లేదో మన కంటికి కనబడదు. డాక్టర్ ఫ్లోరసీన్ రంగు వేసి నీలి కాంతిలో చూస్తేనే తెలుస్తుంది. కళ్లెర్రదనం పోగొట్టే చుక్కలూ వద్దు. అవి రక్తనాళాలను కుదించే మందులు, ఇంత చిన్న ప్రాణికి విషమే. తేనె, రోజ్‌వాటర్, తల్లిపాలు లాంటి పెద్దవాళ్ల చిట్కాలు ఊసరవెల్లికి వద్దు.

డాక్టర్ దగ్గరికి

ఆగకుండా వెళ్లాల్సినవి: పగలు రెండు కళ్లూ మూయడం, బుడిపె గట్టిగా వాయడం, కంట్లో తెల్లమచ్చ, రక్తం, చీము, నోటి అంచుల్లో వాపు, రెండు రోజులుగా తినకపోవడంతో పాటు నీరసం. నోటికీ కంటికీ సంబంధం ఉంది. కన్నీరు నోట్లోకి దిగే సన్నటి గొట్టం మూసుకుపోతే కన్ను వాస్తుంది. నోట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే అది కంటిదాకా పాకగలదు.

కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లందరికీ ఊసరవెల్లి అనుభవం ఉండదు. అమెరికాలో అయితే అసోసియేషన్ ఆఫ్ రెప్టైల్ అండ్ యాంఫిబియన్ వెటర్నేరియన్స్ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో వెతకొచ్చు. ఫోన్‌లోనే "మీరు ఊసరవెల్లులను చూస్తారా" అని అడగండి. వెళ్లేటప్పుడు పంజరం ఫొటో, బల్బు డబ్బా, వాడే కాల్షియం, విటమిన్ సీసాలు, జిప్ కవర్లో తాజా మలం, ఏం పురుగులు పెడుతున్నారో రాసిన చీటీ తీసుకెళ్లండి. సగం రోగనిర్ధారణ ఆ సీసాల లేబుళ్లలోనే ఉంటుంది.

చుక్కలు రాసిస్తే చెప్పినన్ని రోజులూ వేయాలి, కన్ను తెరిచిందని మధ్యలో ఆపొద్దు. రెండు రకాలు ఇస్తే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగండి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

తిండి

ఒక కన్ను మూసినా చాలా ఊసరవెల్లులు వేటాడగలవు. దూరాన్ని అంచనా వేయడానికి ఇవి కంటి ఫోకస్‌ను వాడుకుంటాయని 1970ల్లోనే శాస్త్రవేత్తలు తేల్చారు. అయితే గురి తప్పొచ్చు. మంచి కన్ను ఉన్న వైపున, ముఖానికి దగ్గరగా, లోతైన కప్పులో పురుగుల్ని పెట్టండి. నోరు బలవంతంగా తెరిచి తినిపించవద్దు, దవడ దెబ్బతింటుంది. అవసరమైతే ఎలా తినిపించాలో డాక్టర్ చేసి చూపిస్తారు. వంటింటి డిజిటల్ కాటా మీద రెండు రోజులకోసారి బరువు రాసుకోండి.

విటమిన్ ఎ

కళ్లు పదేపదే వాస్తుంటే, నాలుక చాచినా పురుగు అంటుకోకుండా జారిపోతుంటే, ఇన్‌ఫెక్షన్ తగ్గి మళ్లీ వస్తుంటే విటమిన్ ఎ గురించి డాక్టర్‌ను అడగండి. ఈ లోపంలో కంటి చుట్టూ ఉండే గ్రంథుల పొరలు మందమై గొట్టాలు పూడుకుపోతాయి. పురుగులకు క్యారెట్, చిలగడదుంప, ఆవాకులు మేపడం మంచిదే, కానీ వాటిలో ఉండేది బీటా కెరోటిన్. దాన్ని ఊసరవెల్లులు విటమిన్ ఎగా సరిగ్గా మార్చుకుంటాయన్న నమ్మకం లేదు. అందుకే సీసా మీద "రెటినాల్" లేదా "విటమిన్ ఎ ఎసిటేట్" అని ఉన్న మల్టీవిటమిన్ పొడి చూసి కొనండి. రెండు వారాలకోసారి పురుగుల మీద పల్చగా చల్లితే సరిపోతుంది. మిగతా రోజుల్లో విటమిన్ డి3 లేని కాల్షియం. పొడి తెల్లగా కప్పేసేలా చల్లితే అదే కంట్లో పడి కొత్త సమస్య తెస్తుంది.

లోపం ఉందని అనుమానం వచ్చింది కదా అని రోజూ వేయకండి. విటమిన్ ఎ కొవ్వులో కరిగి ఒంట్లో నిలవుండిపోయే రకం. ఎక్కువైతే చర్మం పొలుసులుగా ఊడుతుంది, డి3 పనినీ దెబ్బతీస్తుంది. ఇంజెక్షన్ అయితే బరువు తూచి, మోతాదు లెక్కగట్టి డాక్టర్ మాత్రమే ఇవ్వాలి.