మోకీలు మార్పిడి: ఎముక కోసే ముందు చూసుకోవాల్సినవి

కేస్ షీట్, ఎక్స్‌రే, కాలి మీద వేసిన మార్కర్ గుర్తు మూడూ ఒకే కాలిని చూపాలి. ఇంప్లాంట్ (అమర్చే కృత్రిమ కీలు) అనుకున్న సైజుకు పై సైజుదీ కింది సైజుదీ కూడా ఆపరేషన్ గదిలో ఉండాలి.

తుంటి నుంచి చీలమండ దాకా, నిలబెట్టి తీసిన ఎక్స్‌రే తప్పనిసరి. అందులో పాదం కాదు, మోకాలి చిప్ప ఎదురుగా ఉందో లేదో చూడండి. కాలు పక్కకు తిరిగితే కొలతలన్నీ తప్పుతాయి.

తొడ ఎముక కాడకూ, తుంటి కేంద్రం నుంచి మోకాలి కేంద్రానికి గీసిన గీతకూ మధ్య కోణం సాధారణంగా 5 నుంచి 7 డిగ్రీలు. తొడ ఎముక కోసేది ఈ కోణంతోనే కాబట్టి అలవాటుగా 6 పెట్టేయకండి, ఫిల్మ్ మీద కొలవండి. ఎముక బయటికి విల్లులా వంగిన వాళ్లలో ఇది ఎక్కువ. 6తోనే కోస్తే దొడ్డికాలు కొంత అలాగే మిగులుతుంది.

రొటేషన్‌లో, అంటే తొడ ఎముక ఇంప్లాంట్‌ను ఎంత తిప్పి పెట్టాలన్న దాంట్లో, పొరపాట్లు జరుగుతుంటాయి. వెనక కాండైల్స్ (తొడ ఎముక కింది చివర ఉండే రెండు గుండ్రటి ఉబ్బుల వెనక భాగం) గీత నుంచి 3 డిగ్రీలు బయటికి తిప్పాలన్నది సాధారణ లెక్క. మోకాళ్లు లోపలికి ఒరుసుకునే వాళ్లలో బయటి కాండైల్ అరిగి చిన్నదవుతుంది. అప్పుడు వెనక కాండైల్స్ లెక్కనే నమ్మితే ఇంప్లాంట్ లోపలికి తిరిగి, చిప్ప పక్కకు జారుతుంది. ఎపికాండైల్స్ గీత (కాండైల్స్ పక్కనుండే ఎముక గుబ్బలను కలిపేది), వైట్‌సైడ్ గీత (చిప్ప కదిలే గాడి వెంట ముందు నుంచి వెనక్కి వెళ్లేది) రెండూ డయాథర్మీతో (కరెంటుతో కాల్చే పరికరం) గీసి సరిపోల్చాకే బ్లాక్‌కు (రంపానికి దారి చూపే అచ్చు) పిన్నులు కొట్టండి.

టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) కోతకు దిశ చూపే రాడ్ కింది కొన రెండు చీలమండ గుబ్బల నడిమధ్యకు కాదు, అక్కడి నుంచి 3 నుంచి 5 మిల్లీమీటర్లు కాలి లోపలి వైపుకు ఉండాలి. అసలు చీలమండ కీలు కేంద్రం అక్కడుంది.